తునికిగుంపు నుంచి వచ్చిన ఒకటి

దెయ్యాలంటే నాకు భయం ఎప్పుడూ లేదు, నవ్వే ఉండేది. ఎవరైనా ఆత్మల కథ మొదలుపెడితే సగంలో అడ్డం పడి, మీరు ఆ సమయానికి ఎక్కడున్నారు, వెలుతురు ఎంత ఉంది, అంతకు ముందు ఏం తాగారు అని అడిగి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు పోసేదాన్ని. "దీనికి దేవుడే ఎదురొచ్చినా ఆధార్ కార్డు చూపియ్యమంటది" అని మా అమ్మ నా గురించి అందరికీ చెప్పుకునేది.

నా పని కూడా అలాంటిదే. కంప్యూటర్లు చూసుకుంటాను. ఏది జరిగినా దానికి కారణం ఉంటుంది, ఆ కారణం ఎక్కడో ఒక ఫైల్లో రాసి ఉంటుంది, ఓపిక ఉంటే దొరుకుతుంది. ఇన్నేళ్లలో దొరకనిది ఒక్కటే. ఎవరినో నమ్మించాలని రాయడం లేదు. అది నా చేతుల మీదుగా జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మాది భోపాల్‌పట్నం. బస్తర్‌లోనే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో హిందీ, పల్లెల వైపు పోతే దోర్లీ, గోండి. జగదల్‌పూర్‌లో చదువుకుని, కొన్నాళ్లు రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేసి, ఆ ఊరి ఉక్క పడక తిరిగి వచ్చేశాను. ఇక్కడ ఒక చిన్న సంస్థలో చేరాను. రెండు గదుల అద్దె ఇల్లే ఆఫీసు. నది పొంగినప్పుడు పల్లెలకు ఫోన్లు చేసి హెచ్చరించడం మా పని.

పద్ధతి ఇలా ఉంటుంది. ఇంద్రావతి పెరుగుతోందని తహసీల్ నుంచి నాకు కబురు వస్తుంది. నేను ఒక మీట నొక్కుతాను. మా మిషన్ నూట ముప్పై ఎనిమిది ఊళ్లకు ఒకేసారి ఫోన్ చేస్తుంది. ఎత్తినవాళ్లకు ముందే రికార్డు చేసి పెట్టిన మాట వినిపిస్తుంది. విన్నాక వాళ్లు ఒకటి నొక్కాలి. నొక్కగానే నా తెరమీది పట్టికలో ఆ ఊరి పేరు, టైము, ఒకటి అనే అంకె వచ్చి పడతాయి. అలా పడేదాకా మిషన్ వాళ్లకు మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటుంది.

మా పల్లెల్లో సిగ్నల్ ఊరంతా ఉండదు. ఒక్కో ఊళ్లో ఒక్కో చోట, నాలుగడుగుల మేర దొరుకుతుంది. అక్కడ ఒక గుంజ పాతి, ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి వేలాడదీస్తారు. వానాకాలంలో దాని దగ్గర్లో ఎవరో ఒకరు ఉంటారు. ఫోన్ బాధ్యత మాత్రం ఊరికి ఒకరిదే.

ఆ గుంజలన్నీ పాతించింది సమ్మయ్య కాక. యాభై దాటిన దోర్ల మనిషి. మా సంస్థలో ఊళ్లు తిరిగే పని ఆయనది. ఆయన మోటార్‌సైకిల్ చప్పుడు వినిపిస్తే కుక్కలు కూడా మొరిగేవి కావు. దోర్లీ హెచ్చరికలో ఉన్న గొంతు ఆయనదే. నీళ్లొస్తున్నాయి, పిల్లలను, ముసలివాళ్లను, గొడ్లను తీసుకుని మిట్ట మీదికి పొండి, విన్నవాళ్లు ఒకటి నొక్కండి. అంతే, నలభై సెకన్లు. ఆయన పెళ్లికి పోయినా, సంతకు పోయినా పిల్లలు వెంటబడి "ఒకటి నొక్కుండ్రి" అని అరిచేవాళ్లు. ఆయన గర్వంగా నవ్వేవాడు. నన్ను బిడ్డా అని పిలిచేవాడు. నాకు తిక్క రేగినప్పుడల్లా టీ పెట్టి ఇచ్చేవాడు, అంటే రోజుకు మూడు నాలుగు సార్లు.

ఇక మిషన్ సంగతి. అది పాతది. మెమరీ నాలుగు జీబీ. వానల మొదట్లోనే ఒకసారి మెమరీ చాలక, నడుస్తున్న పట్టిక ప్రోగ్రామ్‌ను మిషనే మధ్యలో చంపేసింది. వరద రోజున ఇలా జరిగితే ఎలా అని నాకు గుబులు పట్టుకుంది. కెర్నెల్ అని, మిషన్‌లో అన్ని ప్రోగ్రాముల మీదా పెత్తనం చేసే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. మెమరీ పంచేది అదే. దాని సెట్టింగ్ ఒకటి మార్చాను.

దాన్ని అర్థమయ్యేలా చెప్పాలంటే మన బస్సులే నయం. సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేస్తారు కదా. ప్రోగ్రాములూ అంతే. కూర్చునేది ఒక్క సీట్లో, తువ్వాలు వేసేది ఎనిమిది సీట్లకు. మామూలు సెట్టింగ్‌లో కెర్నెల్ చూసీ చూడనట్టు పోనిస్తుంది, ఎలాగూ అందరూ కూర్చోరు కదా అని. నేను మార్చిన సెట్టింగ్‌లో తువ్వాలు పడిన ప్రతి సీటూ నిండినట్టే లెక్క. బస్సు సగం ఖాళీగా ఉన్నా కొత్తవాళ్లను ఎక్కనివ్వదు.

మా ప్రోగ్రామ్ ఒక్కో ఊరికి ఒక్కో థ్రెడ్‌ను పుట్టిస్తుంది. థ్రెడ్ అంటే ఆ ఊరి ఫోన్ పని చూసే కూలీ అనుకోండి. కూలీ పుట్టకపోతే ఆ ఊరికి ఫోన్ పోదు. ఒక్కో కూలీ తన వంతు తువ్వాలు వేసుకునే పుడతాడు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ లెక్క వేయలేదు.

సెట్టింగ్ మార్చాక మా ఆఫీసు వాళ్ల పది నంబర్లతో పరీక్షించాను. బాగానే పోయాయి. నూట ముప్పై ఎనిమిదీ పరీక్షించాలంటే ఊళ్లన్నీ ఉలిక్కిపడి గొడ్లను తోలుకుని మిట్టలెక్కుతాయి. అందుకే చేయలేదని అందరికీ చెబుతాను. నిజానికి వేరే దారులున్నాయి, బద్ధకించాను.

వారం తర్వాత, నాలుగు రోజులుగా వాన విడవకుండా పడుతున్న ఒక పొద్దున కబురు వచ్చింది. ఏడున్నర దాటింది. కాక అప్పటికే తడిసి వచ్చి స్టవ్ దగ్గర ఉన్నాడు. ఏడు ముప్పై ఎనిమిదికి మీట నొక్కాను. పట్టికలో పేర్లు పడడం మొదలైంది. ఫోన్లు తొంభై ఏడో ఊరి వరకు పోయి ఆగాయి. ఆ తర్వాత అన్నీ ఎర్ర అక్షరాలు. కొత్త థ్రెడ్ మొదలుపెట్టడం కుదరలేదు. కొత్త థ్రెడ్ మొదలుపెట్టడం కుదరలేదు. అలా నలభై ఒక్క సార్లు.

ఆ నలభై ఒక్క ఊళ్లూ మేం చివరగా కలుపుకున్నవి. చివరగా ఎందుకంటే దారి లేనివి. దారి లేనివన్నీ నది పక్కనే ఉంటాయి.

ఒక యూజర్ ఎన్ని ప్రోగ్రాములు నడపవచ్చు అనే పరిమితి చూశాను, దాటలేదు. మిషన్ మొత్తానికి ఎన్ని థ్రెడ్లు అనే పరిమితి చూశాను, దాని దరిదాపుల్లో కూడా లేము. మెమరీ చూశాను. ఒకటిన్నర జీబీ ఖాళీగా ఉంది. ఖాళీ పెట్టుకుని లేదంటుందేమిటి అని మిషన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను.

కాక టీ గ్లాసు తెచ్చి నా కీబోర్డ్ పక్కన పెట్టాడు. "ఏంది బిడ్డా, గింత ఎర్రగున్నది?" అన్నాడు. అక్కడ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అని కసిరాను. కసిరి, తెర మూలన టైము చూశాను. ఏడు నలభై రెండు. ఆ టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది. ఏడు నలభై రెండుకు సమ్మయ్య కాక నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. నేను కసిరాక మళ్లీ నోరు తెరవలేదు. ఆయన ఫోన్ జేబులో ఉంది.

కారణం దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మెమరీ వివరాలుండే ఫైల్లో రెండు వరసలు ఉంటాయి. ఎంత మెమరీ ఇస్తామని ప్రోగ్రాములకు మాట ఇవ్వవచ్చు అనేది ఒకటి, ఇప్పటికి ఎంతకు మాట ఇచ్చేశాం అనేది ఇంకొకటి. రెండూ దాదాపు సమానంగా ఉన్నాయి. బస్సు ఖాళీయే, తువ్వాళ్లు నిండిపోయాయి. నా సెట్టింగే. పాత సెట్టింగ్ పెట్టి ప్రోగ్రామ్ మళ్లీ మొదలుపెట్టాను.

రెండోసారి మొదలుపెడితే ప్రోగ్రామ్ పట్టిక చూసుకుంటుంది. ఒకటి పడిన ఊళ్లను వదిలేసి మిగతావాటికి చేస్తుంది. మొదటి విడతలో పోయిన తొంభై ఏడు ఊళ్లూ అప్పటికే నొక్కేశాయి. కాబట్టి పోవలసినవి నలభై ఒకటి. పోయినవి నలభై.

ఆ నలభై ఊళ్లూ పది నిమిషాల్లో ఒకటి తర్వాత ఒకటి నొక్కాయి. నేను ఊపిరి పీల్చుకుని, మిగిలిన ఆ ఒక్కటీ ఏమిటని వెతికాను. తునికిగుంపు. ఇరవై మూడు ఇళ్లు. ఒక పక్క నది, ఇంకో పక్క వాగు. దానికి ఫోన్ ఎందుకు పోలేదంటే, పట్టికలో దాని పక్కన అప్పటికే ఒకటి ఉంది. ఏడు నలభై రెండుకు పడింది.

అంటే మిషన్ ఎర్ర అక్షరాల్లో నాకు కుదరదని చెప్పిన తర్వాత పడింది. తునికిగుంపు థ్రెడ్ పుట్టలేదు. ఎర్ర వరసల్లో దాని పేరు స్పష్టంగా ఉంది. పట్టికలో ప్రతి వరసకూ ఏ థ్రెడ్ రాసిందో చెప్పే అంకె ఒక గడిలో ఉంటుంది. ఈ వరసలో ఆ గడి ఖాళీ.

కాక నా భుజం మీదుగా వంగి చూశాడు. ఆయనకు చదువు అంతంత మాత్రమే గాని ఆ పట్టికలో ఒకటిని గుర్తుపట్టడం బాగా వచ్చు.

"ఒకటున్నది గదా బిడ్డా. విన్నరన్నట్టే."

"కాదు కాక. మన కాడికెల్లి ఫోనే పోలే. పోని ఫోన్‌కు వాళ్లెట్ల నొక్కుతరు? మెమరీ చాలనప్పుడు గిట్ల చెత్త పడ్తది."

మెమరీ చాలనప్పుడు అలాంటి చెత్త పడదు. నాకు తెలుసు. ఆగిపోతుంది తప్ప ఊరి పేరు, టైము పొందికగా రాసుకోదు. కానీ ఆ పొద్దున నా తప్పు బయటపడి సిగ్గుతో మండిపోతున్నాను. నాకు అర్థం కానిదాన్ని చెత్త అనేశాను.

నా ఫోన్‌తో తునికిగుంపుకు చేశాను. కవరేజీలో లేదని హిందీలో చెప్పింది. మళ్లీ చేశాను. కాక చేశాడు. అదే మాట. వాళ్ల గుంజ వాగు గట్టు మీదే ఉంటుంది. గట్టు మునిగి ఫోన్ కొట్టుకుపోయిందేమో, ఇళ్లలో జనం ఇంకా ఏమీ తెలియకుండా ఉన్నారేమో అని నా భయం. ఆ భయం అబద్ధం కాదు.

కాక ఇంకోసారి తెర వైపు చూశాడు. "ఒకటైతే ఉన్నది" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. నేను మళ్లీ తునికిగుంపు నంబరు నొక్కుతున్నాను. తర్వాత "నీకు తెల్వనిదేముంది" అని రెయిన్‌కోటు తీసుకున్నాడు.

"పోయి చూసొస్తవా కాక?" అని అంతకు ముందే అడిగింది నేను. అప్పుడు ఎనిమిదింబావు.

తునికిగుంపుకు పోవాలంటే వాగు దాటాలి. వాగు మీద ఎత్తు తక్కువ సిమెంటు దారి ఉంది, రప్టా అంటారు. నది పొంగితే వాగు నీళ్లు దిగలేక వెనక్కి తన్ని రప్టా మీదుగా పోతాయి. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. కానీ అవతల ఇరవై మూడు ఇళ్లకు కబురు అందలేదని ఆయనతో చెప్పినదాన్ని నేను.

పదకొండు దాకా ఆయన ఫోన్ కలవలేదు. మధ్యాహ్నం తహసీల్ జీపులో నేను కూడా పోయాను. ఇవతలి ఒడ్డున మోటార్‌సైకిల్ స్టాండు వేసి ఉంది. రెయిన్‌కోటు మడిచి సీటు కింద దోపి ఉంది. దిగేటప్పుడు కాళ్లకు అడ్డం పడుతుందని తీసేసి ఉంటాడు. రప్టా కనిపించనే లేదు. ఎర్రటి నీళ్లు చెట్లను మోసుకుపోతున్నాయి.

మూడో రోజు కింద రెండు ఊళ్ల అవతల చేపలు పట్టేవాళ్లకు దొరికాడు. మద్ది చెట్టు వేళ్లలో చిక్కుకుని ఉన్నాడు. ముఖం చూసి గుర్తుపట్టలేదు, చేతికున్న కడియం చూసి గుర్తుపట్టాము. ఆయన భార్య పోచమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, ఆ వానలో ఎందుకు పోయాడని అడిగింది. తునికిగుంపు వాళ్లకు చెబుదామని వెళ్లాడు అన్నాను. పంపాను అనలేదు.

పన్నెండు రోజులకు వాగు తగ్గింది. నడుచుకుంటూ తునికిగుంపుకు పోయాను. సగం ఇళ్లకు గోడల్లేవు. బురదలో వడ్ల గుమ్ములు పడి, వడ్లు మొలకెత్తి వాసన వస్తున్నాయి. కానీ మనుషులందరూ ఉన్నారు. ఒక్క పసిపిల్ల కూడా పోలేదు.

అక్కడ ఫోన్ బాధ్యత లచ్చక్కది. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. బడి వరండాలో కూర్చుని ఆమె చెప్పింది. చెప్పినంతసేపూ కాక పేరు ఎత్తలేదు. చనిపోయినవాళ్ల గుర్తుగా రాయి నిలబెట్టేదాకా వాళ్ల పేరు ఆ గుంపులో పలకరు. మీ కాక, మీ కాక అనే అంది.

"పొద్దుగాల ఫోన్ మోగింది చెల్లె. నేను గుంజ కాడ్నే ఉన్న. ఎత్తిన. మీ కాక మాటనే. ఎప్పుడు చెప్పినట్టే చెప్పిండు. ఒకటి నొక్కిన."

ఒకటి నొక్కగానే ఫోన్ దానంతట అదే కట్ అవుతుంది. ప్రోగ్రామ్ నేను రాసిందే, అలాగే రాశాను. ఆ రోజు కట్ కాలేదని లచ్చక్క అంది. కాసేపు వాన చప్పుడు వినిపించిందట. ఆ తర్వాత మళ్లీ కాక గొంతే.

"వాగు కాడికి ఎవ్వలు రావద్దన్నడు. నేను పిలిచినా రావద్దన్నడు. గంతే."

ఆమెకు అందులో వింత ఏమీ అనిపించలేదు. కొత్తగా ఒక మాట కలిపారేమో అనుకుంది. గుంజ మీది ఫోన్ తీసి నడుముకు కట్టుకుని, ఇంటింటికీ పోయి జనాన్ని లేపి, బడి ఉన్న మిట్ట ఎక్కించింది. కాక చెప్పిన ఆ చివరి మాట కూడా అందరికీ చెప్పింది. బడి దగ్గర సిగ్నల్ లేదు. మేం చేసినప్పుడు ఫోన్ కలవకపోవడానికి కారణం అదే.

తొమ్మిది అవుతుండగా వాగు అవతల మోటార్‌సైకిల్ చప్పుడు వినిపించిందట. ఆ చప్పుడు అక్కడ తెలియనివాళ్లు లేరు. కొంతసేపటికి అరుపు. లచ్చక్క భర్త తాడు తీసుకుని లేచాడు. లచ్చక్క ఆయన చెయ్యి పట్టుకుంది. పిలిచినా రావద్దన్నాడు కదా అంది. ఆయన ఆగాడు. అరుపు ఇంకో మూడు సార్లు వినిపించింది.

"రమ్మన్నడో, మిట్టెక్కమన్నడో, వానల సమజ్ కాలె చెల్లె. నేను మాత్రం మా ఆయన చెయ్యి ఇడువలె."

ఇది చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. 

నేను ఫోన్ అడిగి తీసుకున్నాను. బటన్ల ఫోన్. వచ్చిన కాల్స్‌లో మా నంబరు ఉంది. ఏడు నలభై రెండు. ఒక నిమిషం పంతొమ్మిది సెకన్లు. మా రికార్డింగ్ నలభై సెకన్లని ముందే చెప్పాను.

తిరిగి వచ్చాక నేను చేయగలిగిన పరీక్షలన్నీ చేశాను. మా కాల్స్ పంపే కంపెనీ నుంచి ఆ రోజు జాబితా తెప్పించాను. తునికిగుంపుకు మా వైపు నుంచి ఒక్క కాల్ కూడా పోలేదు. రికార్డింగ్ మొదటి నుంచి చివరి వరకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను. ఒకటి నొక్కండి అన్న తర్వాత కాక గొంతు సవరించుకుంటాడు, కుర్చీ కిర్రుమంటుంది, అయిపోతుంది. అందులో వాన లేదు. ఎండాకాలంలో రికార్డు చేశాం.

ఆ సెట్టింగే మళ్లీ పెట్టి, అదే వరసలో దొంగ నంబర్లతో పన్నెండు సార్లు నడిపాను. ప్రతిసారీ తొంభై ఏడు దగ్గర, లేదా ఒకటి రెండు అటూ ఇటూగా ఆగింది. ప్రతిసారీ ఎర్ర అక్షరాలే. ఎప్పుడూ అదనంగా ఒకటి పడలేదు. థ్రెడ్ గడి ఖాళీగా పెట్టి చేత్తో ఒక వరస రాయబోయాను. పట్టిక ఒప్పుకోలేదు. ఆ గడి ఖాళీగా ఉంటే వరస తీసుకోవద్దని పట్టిక కట్టిన రోజే నియమం పెట్టాను. నియమం ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ ఒక్క వరస మాత్రం లోపల ఉంది.

రాయ్‌పూర్‌లో నాతో పనిచేసిన స్నేహితుడికి అన్నీ పంపాను. గడియారం తప్పయి ఉంటుందన్నాడు. పాత వరస ఏదో మిగిలి ఉంటుందన్నాడు. మనిషి చనిపోయాడని తెలిశాక లచ్చక్క ఆ మాటలు ఊహించుకుని ఉంటుందన్నాడు. విడివిడిగా ప్రతిదీ నమ్మవచ్చు. కానీ మిట్ట మీద కూర్చున్న జనమంతా ఆ మాటను ఎనిమిది లోపే విన్నారు. ఎనిమిదింటికి కాక నా ఆఫీసులో టీ గ్లాసులు కడుగుతున్నాడు.

నమ్మి చెడినవారు లేరంటారు. లచ్చక్క నమ్మింది. నమ్మి భర్త చెయ్యి వదల్లేదు. ఆయన తాడు తీసుకుని పోయి ఉంటే కాక దొరికేవాడో, ఇద్దరూ పోయేవాళ్లో ఎవరికీ తెలియదు. ఆమె అది మోస్తోంది. ఆమె మోస్తున్నది తగ్గించే శక్తి నాకు ఉందనుకుని, రాయి నిలబెట్టిన రోజున ఆమెను పక్కకు పిలిచి అంతా చెప్పాను. మా వైపు నుంచి ఫోన్ పోలేదని, మీరు నొక్కిన ఒకటి మాత్రం వచ్చిందని, దాన్ని నేను కళ్లతో చూశానని, తప్పని తీసిపారేశానని.

ఆడవాళ్లు రాయికి పసుపు పూస్తున్నారు. పోచమ్మ అటు తిరిగి ఉంది.

"మేం నొక్కినం గదా చెల్లె" అంది లచ్చక్క. "నొక్కింది నీకు కనవడ్డది గదా. కనవడ్డంక ఆయన్నెందుకు తోలినవ్?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. ఎర్ర అక్షరాల గురించి, థ్రెడ్ల గురించి ఆమెకు ఏం చెప్పను?

సంస్థ కొత్త మిషన్ కొన్నది. కాక గొంతు తీసేయమని పోచమ్మ అడిగితే తీసేసి వేరేవాళ్లతో రికార్డు చేయించాం. పాత మిషన్‌లోని పట్టికను మాత్రం అలాగే దాచాను. ఆ వరస ఇంకా ఉంది. ఏ థ్రెడ్ రాసింది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు మాట్లాడారు, నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యమని అనడానికి కూడా నోరు రాదు, ఎందుకంటే ఆ సమయానికి ఆయన బతికే ఉన్నాడు.

నాకు తెలిసింది ఇంతే. ఎనిమిదింబావుకు ఆ ఒకటి నా కళ్ల ముందు ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చూపించాడు. ఆయన తనంతట తాను వెళ్లలేదు, నేను పంపాను.